నోటికి వద్దన్న పొగాకును చేతికి ఎలా ఇస్తారు?

సినిమా హాల్లో దీపాలు ఆరిపోగానే హీరో కంటే ముందు 'ఈ నగరానికి ఏమైంది?' అనే గొంతు వినిపించిన రోజులు మన పిల్లలకు బాగా గుర్తు. పొగ తాగే దృశ్యాలున్న సినిమాలకు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పొగాకు వ్యతిరేక ప్రచార చిత్రం వేసి తీరాలన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2012 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉంది. ఆ ప్రశ్న జనం నోళ్లలో ఎంతగా నానిందంటే 2018లో అదే పేరుతో ఒక తెలుగు సినిమాయే వచ్చింది. గుట్కా నమిలి నోటి కేన్సర్ తెచ్చుకుని 2009లో 24 ఏళ్లకే కన్నుమూసిన ముకేష్ అనే యువకుడి మాటలు కూడా అలాగే నానాయి. పిల్లలు ఆ గొంతును అనుకరించి నవ్వుకుంటారు. చావబోయేవాడు చెప్పిన మాట నవ్వులాట అయిందంటే తప్పు పిల్లలది కాదు. హాలు లోపల వద్దన్న సరుకే హాలు గేటు బయట పది రూపాయలకు దొరుకుతున్నప్పుడు, లోపల చెప్పిన మాటను ఏ పిల్లవాడు నమ్ముతాడు?

రైతుకూలీల శీర్షికలో ఈ సినిమా ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. అందులోనూ మేము ఈ మాటలు రాస్తున్నది హైదరాబాదు తూర్పు కొసన ఉన్న ఏఎస్ రావు నగర్ గురించి. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త ఏఎస్ రావు పేరు పెట్టుకున్న కాలనీ ఇది. 1967లో మొదలైన ఆ ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలోనే ఈసీ టీవీ తయారైంది. ప్రచారాన్ని ఇళ్లలోకి మోసుకెళ్లిన పెట్టె పుట్టిన చోటు అన్నమాట. ఆ టీవీ పోయింది, ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది. కానీ ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర, కుషాయిగూడలో, మల్లాపూర్, నాచారం, చర్లపల్లి పారిశ్రామికవాడల చుట్టూ పొద్దున్నే పని కోసం నిలబడేవాళ్లు ఎవరు? పాలమూరు, నల్లగొండ, మెదక్ పల్లెల నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. నిన్న నాట్లు వేసిన చేతులే ఇవాళ ఇక్కడ ఇటుకలు మోస్తున్నాయి. ఊళ్లో మన సంఘం సభ్యుడు, ఇక్కడ అడ్డా కూలీ. వాళ్ల పిల్లల సంగతి మన సంగతి కాకుండా ఎట్లా పోతుంది?

ముందు చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. 2003లో వచ్చిన పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం నేరం. బడికి, కాలేజీకి వంద గజాల లోపు అమ్మడం కూడా నేరమే. పిల్లలకు అమ్మబోమని దుకాణం ముందు బోర్డు పెట్టాలి. కొన్నవాడు మైనరు కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అమ్మినవాడిదే. 2011లో చేర్చిన నిబంధన ఇంకొంచెం ముందుకు పోయి, అమ్మే చోట మైనర్ల చేత పొగాకు సరుకు అమ్మించకూడదు, ముట్టించనూ కూడదు అన్నది. 2019లో కేంద్రం విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చి, వంద గజాల హద్దు తెలిసేలా పసుపు గీత గీయమంది. గీత గీయడం తేలికే. ఆ గీతకు అవతల నిలబడి అమ్మే బండి, బడి వదిలే వేళకు గీతకు ఇవతలికి వస్తుంది. పట్టుకుంటే జరిమానా రెండు వందల రూపాయలు. ఒక పూట లాభంలో అది కలిసిపోతుంది.

పిల్లలు పొగాకు కొనే తీరు మన ప్రచారకర్తలకు తెలియదో, తెలిసీ మాట్లాడరో మాకు అర్థం కాదు. 2016 ఏప్రిల్ నుంచి సిగరెట్ పెట్టె మీద 85 శాతం స్థలంలో కేన్సర్ బొమ్మ ఉండాలన్నారు. మంచి పనే, దానికోసం పోరాడిన డాక్టర్లకు దండం పెట్టవలసిందే. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు పెట్టె కొంటాడా? వాడు కొనేది ఒక్క సిగరెట్టు. దుకాణదారు పెట్టెలోంచి ఒకటి తీసి ఇస్తాడు, బొమ్మ దుకాణంలోనే ఉండిపోతుంది. హెచ్చరిక కొనలేనివాడికే హెచ్చరిక అందదు. విడి సిగరెట్ల అమ్మకాన్ని ఆపాలని కేంద్రమే ముసాయిదా ప్రకటించి ఏళ్లు గడిచాయి, అది పార్లమెంటు గడప తొక్కలేదు. పొరుగున కర్ణాటక 2025లో కొనుగోలు వయసును 21కి పెంచుకుంది. మన తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రాలను మూసివేయించే చట్టం చేశారు, సంతోషం. అయితే హుక్కా పీల్చేది డబ్బున్నవాళ్ల పిల్లలు. మన పిల్లలు నమిలేది గుట్కా, అంబర్. గుట్కాను ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే నిషేధించారు, తెలంగాణ 2024 మేలో మళ్లీ నిషేధ ఉత్తర్వు తెచ్చింది. నిషేధం మీద నిషేధం వేయవలసి వచ్చిందంటేనే సరుకు ఎంత స్వేచ్ఛగా తిరుగుతున్నదో తెలియడం లేదా?

ఇంకొక దారి ఉంది, దాన్ని ఏ ప్రచార చిత్రమూ చూపదు. "ఒరే చిన్నోడా, ఉరికిపోయి ఒక బీడీ కట్ట పట్రా" అని తండ్రి పంపుతాడు, మేనమామ పంపుతాడు, మేస్త్రీ పంపుతాడు. పిల్లవాడికి పొగాకుతో మొదటి పరిచయం అదే. 'కన్యాశుల్కం'లో చదువు చెప్పవలసిన గిరీశం పసివాడు వెంకటేశానికి చుట్ట మప్పినట్టు, మన ఇళ్లలో ప్రేమగానే మప్పుతారు. అడ్డా మీద మధ్యాహ్నం దాకా పని దొరకనివాడు ఆకలి చంపుకోవడానికి నములుతాడు, పక్కన కూర్చున్న కొడుకు చూస్తూ నేర్చుకుంటాడు. ఇది చెడు తిరుగుళ్ల కథ కాదు, ఖాళీ కడుపు కథ.

లెక్కలు కూడా ఆ మాటే చెబుతున్నాయి. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశవ్యాప్తంగా జరిపించిన సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. బీడీ తాగినవాళ్లలో దాదాపు సగం మంది పదో పుట్టినరోజు లోపే మొదలుపెట్టారు. ఒక సంగతి గమనించాలి. అది బడిలో కూర్చున్న పిల్లల లెక్క. పత్తి చేలోకి, ఇటుక బట్టీకి, హోటల్లో కప్పులు కడగడానికి వెళ్లిన పిల్లవాడు ఆ లెక్కలోకి రాడు. అసలు ప్రమాదం ఎక్కువ ఎవరికుందో వాళ్లనే లెక్కపెట్టలేదు. లెక్కలో లేనివాడికి ప్రచారమూ అందదు.

ఇక అసలు విషయానికి వస్తాం. ఏఎస్ రావు నగర్ పాన్ డబ్బాలో ఉన్న ఆ ఒక్క సిగరెట్టును పట్టుకుని వెనక్కి నడవండి. టోకు వ్యాపారి, కంపెనీ గోదాం, ఫ్యాక్టరీ, వేలం కేంద్రం, చివరికి ప్రకాశం జిల్లాలో ఒక చేను. పక్కనున్న బీడీ కట్టను పట్టుకుని నడిస్తే నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, సిద్దిపేట వైపు ఏదో ఒక ఊళ్లో ఒక చాట ముందుకు చేరతారు. ఆ చేను దగ్గర, ఆ చాట దగ్గర కూడా పిల్లలున్నారు. పొగాకును పిల్లలకు దూరం చేయాలన్న ప్రచారం దుకాణం దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి ఒక్క అడుగు వేయదు. ఈ శీర్షికలో మేము చెప్పదలచుకున్నది ఈ అడుగు గురించే.

వర్జీనియా పొగాకు పని ఎరిగినవాళ్లకు చెప్పనక్కర లేదు. తెల్లవారుజామున మంచులో తడిసిన ఆకు రెలవాలి. మోపులు మోసుకు రావాలి, కర్రలకు కట్టాలి, బ్యారన్‌లోకి ఎక్కించాలి. చేతులకు నల్లని జిగురు పడుతుంది, ఎంత తోమినా పోదు, ఆ చేత్తో అన్నం ముద్ద పెట్టుకుంటే చేదు. తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఎండ తగిలిందిలే అనుకుంటారు. అది ఎండ కాదు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. దాన్ని పచ్చ పొగాకు జబ్బు అంటారు వైద్యులు. సిగరెట్టు ముట్టని మనిషికి కూడా ఈ జబ్బు వస్తుంది, తక్కువ బరువున్న పసి ఒంటికి ఇంకా తొందరగా వస్తుంది. కూలి గుత్త లెక్కన ఇచ్చే చోట, కర్రకింత అని కట్టే చోట, తల్లి పక్కన పిల్ల చేయి కూడా కలవక మానదు. దుకాణంలో పొట్లం ముట్టుకోకూడదన్న చేయి చేలో పచ్చాకు ముట్టుకోవచ్చా? నోటికి విషమైనది చేతికి అమృతమా?

బీడీ సంగతీ అంతే. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీ తయారీని పిల్లలు చేయకూడని పనుల జాబితాలోనే పెట్టింది. అదే చట్టం కుటుంబంతో కలిసి ఇంట్లో చేసే పనికి మినహాయింపు ఇచ్చింది. తెలంగాణలో బీడీలు చుట్టేది ఇళ్లలోనే కదా! అంటే తలుపు ముందు తాళం వేసి వెనక గోడ పడగొట్టారు. 2016 సవరణ ఆ గోడను కొంత ఎత్తినా, బడి అయ్యాక కుటుంబానికి సాయం అనే సందు ఉండనే ఉంది. ఇంట్లో చాట ముందు అమ్మ చుడుతుంటే, బడి నుంచి వచ్చిన ఆడపిల్ల బీడీల మూతులు మలుస్తుంది, ఆకు కత్తిరిస్తుంది. బీడీలు చుట్టడం రాని పిల్లకు సంబంధం దొరకదని అనుకునే ఊళ్లు ఉండేవి. రాత్రంతా ఆ తంబాకు దుమ్ములోనే పడక.

ఇక్కడే చాలామంది మన మీద ఎదురు ప్రశ్న వేస్తారు. పొగాకు వద్దంటే బీడీ కార్మికుల నోట్లో మట్టి కొట్టినట్టు కాదా? ఈ ప్రశ్న చిన్నది కాదు. కట్టల మీద పుర్రె గుర్తు వేయాలన్నప్పుడు తెలంగాణ బీడీ కార్మికులు వేల సంఖ్యలో రోడ్డెక్కారు. 2007లో చట్టం సవరించి ఆ గుర్తు తప్పనిసరి కాకుండా చేశారు. 2016లో 85 శాతం బొమ్మ వచ్చినప్పుడు యజమానులు కార్ఖానాలు మూసి కూర్చున్నారు, పస్తులున్నది మాత్రం చుట్టే ఆడవాళ్లు. బొమ్మ మీద కంపెనీలకు కోపం వస్తే శిక్ష కార్మికులకు పడింది. అందుకే మన అక్కచెల్లెళ్లకు ప్రచారమంటే భయం. ఆ భయాన్ని అవమానించే హక్కు పట్నంలో కూర్చుని ఉపన్యాసాలు చెప్పేవాళ్లకు లేదు.

కానీ ఆ భయం వెనక దాక్కున్నది ఎవరో చూడాలి. పన్ను పెంచుతామన్నా, హెచ్చరిక బొమ్మ పెద్దది చేస్తామన్నా యజమానులు ముందుకు తోసేది బీడీ కార్మికురాలి చాటనే. ఆ చాట ముందు కూర్చున్న తల్లికి నడుము నొప్పి, దగ్గు, కంటి జబ్బు తప్ప ఏం మిగిలింది? 1976లో ప్రత్యేక చట్టం చేసి బీడీల మీద సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. ఆ డబ్బుతోనే ఆసుపత్రులు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు. 2017లో జీఎస్టీ వచ్చింది, సెస్సు పోయింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టాన్ని 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లలో కలిపేశారు. రాష్ట్రంలో ఇచ్చే జీవన భృతి 2015లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2016 రూపాయలైంది. అది ఆసరాయే, బతుకు కాదు. పిల్లను చాట ముందు నుంచి లేపమని తల్లికి చెప్పే ముందు, ఆ పిల్ల మలిచే బీడీల కూలి లేకుండా ఇల్లు గడిచే దారి చూపాలి.

ఇది మేము కొత్తగా కోరుతున్న కోరిక కాదు. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని భారత ప్రభుత్వం 2004లో ఆమోదించింది. దాని 12వ అధికరణం ప్రచారం చేయమంటుంది. 16వది మైనర్లకు అమ్మవద్దంటుంది. ఆ పక్కనే 17వది ఉంది: పొగాకు కార్మికులకు, రైతులకు, అవసరమైతే చిన్న అమ్మకందార్లకు కూడా బతకడానికి మరో దారి చూపమంటుంది. మొదటి రెంటికీ పోస్టర్లు వేశారు. మూడోదానికి పోస్టరు కూడా లేదు. 2023లో ప్రపంచ పొగాకు వ్యతిరేక దినానికి 'మాకు తిండి కావాలి, పొగాకు కాదు' అని నినాదం పెట్టారు. నినాదం మనం రాసినట్టే ఉంది. రెండేళ్లు తిరగకుండా 2025లో బాపట్ల, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో నల్లబర్లీ వేసిన రైతులు కొనేవాడు లేక రోడ్డున పడ్డారు. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. కంపెనీ ప్రోత్సహించినప్పుడు పొగాకు, కంపెనీ ముఖం చాటేసినప్పుడు అప్పు. కందులకో శనగలకో ఇలాంటి కొనుగోలు హామీ ముందే గట్టిగా ఉంటే ఆ రైతు ఆ మొక్క జోలికి పోయేవాడా?

ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడుతున్నదని మేము అంటే కొందరికి కోపం వస్తుంది. గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు నడుపుతున్నది కేంద్రమే, ఎగుమతులు పెరిగాయని గొప్ప చెప్పేదీ కేంద్రమే. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్ఐసీకి దేశంలోని అతి పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఉంది. అంటే కూలివాడు కట్టిన ప్రీమియం కూడా సిగరెట్టులో పెట్టుబడే. ఆ సిగరెట్టు తాగి వాడు చస్తే క్లెయిము ఇచ్చేదీ ఆ సంస్థే. ప్రకటనలు నిషిద్ధం అన్నారు సరే, యాలకుల పొట్లం పేరుతో, పాన్ మసాలా పేరుతో పెద్ద పెద్ద నటులు టీవీలో నవ్వుతూనే ఉన్నారు. 1996 క్రికెట్ ప్రపంచ కప్పుకే సిగరెట్ పేరు పెట్టిన దేశం మనది. ముకేష్ మాట ముప్పై సెకన్లు, యాలకుల పొట్లం మాట రోజంతా.

అందుకని పాన్ డబ్బావాడిని తీసుకుపోయి జైల్లో వేయమని మేము అనం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవాడికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా వేయవచ్చు. రెండు వందల జరిమానాకు, ఏడేళ్ల జైలుకు మధ్య పోలీసుకు ఇష్టమొచ్చినంత బేరం దొరుకుతుంది. ఆ బేరంలో నలిగేది ఊరు వదిలి వచ్చి డబ్బా పెట్టుకున్నవాడే. బడి పక్కన దొరికిన సరుకు ఏ టోకు వ్యాపారి నుంచి వచ్చిందో రాబట్టి అక్కడ తాళం వేయాలి. నిషేధించిన గుట్కా లారీల్లో వస్తుంది, జేబుల్లో రాదు.

డబ్బున్న దేశాల్లోనూ ఈ వంకర ఉంది. అమెరికాలో 2019 చివరి నుంచి 21 ఏళ్లు నిండితే గాని సిగరెట్టు అమ్మరు. అదే దేశంలో 12 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రుల అనుమతితో పొగాకు చేలో కూలికి పోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం కాదు. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2014లో ప్రకటించిన నివేదిక కోసం నార్త్ కరొలైనా, కెంటకీ వంటి నాలుగు రాష్ట్రాల్లో 141 మంది పిల్లల్ని పలకరించింది. వాళ్లలో దాదాపు ముప్పాతిక మంది వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి వంటి బాధలు పడ్డామన్నారు. ఎక్కువ మంది వలస వచ్చిన స్పానిష్ భాషీయుల బిడ్డలు. వలసకూలీ బిడ్డ ఎక్కడైనా వలసకూలీ బిడ్డే. పొగాకు ఎగుమతిలో ముందున్న బ్రెజిల్ మాత్రం 2008లోనే 18 ఏళ్ల లోపువారిని పొగాకు సేద్యం పనిలోకి రానివ్వకుండా నిషేధించింది. వాళ్లు చేయగలిగినది మనం ఎందుకు చేయలేం?

ప్రచారం వద్దని కాదు, ప్రచారం మన దాకా రావాలి. హాల్లో టికెట్టు కొన్నవాడికే కాదు, పొద్దున ఆరు గంటలకు ఈసీఐఎల్ చౌరస్తాలో నిలబడినవాడికి వినిపించాలి. పుస్తకాల తెలుగులో కాదు, పాలమూరు యాసలో, ఉత్తరాంధ్ర యాసలో చెప్పాలి. ప్రజా నాట్యమండలి బుర్రకథ చెప్పినప్పుడు చదువు రాని ముసలమ్మలు కూడా రాత్రంతా కూర్చుని విన్న నేల ఇది. కేన్సర్ బొమ్మ ఒక్కటే చూపి భయపెడితే చాలదు. ఈ పొట్లం అమ్మినందుకు ఎవడికి ఎంత మిగిలింది, నీకు ఎంత పోయింది అని లెక్క చెప్పాలి. రోజుకు రెండు పొట్లాలు నమిలే కూలి నెలకు ఎన్ని కిలోల బియ్యం నమిలేశాడో అక్కడే నిలబెట్టి లెక్క కట్టించాలి. మానుకోవాలనుకునేవాళ్లకు 1800 112 356 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. అది పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. విడి సిగరెట్టు కొన్నవాడికి ఆ నంబరు కూడా అందదు కనుక అడ్డాల దగ్గర, గుడిసెల దగ్గర సున్నంతో గోడ మీద పెద్దగా రాయండి. బీడీ కోసం పిల్లవాణ్ణి దుకాణానికి పంపే పెద్దమనిషిని ఆ గోడ దగ్గరే ఆపి అడగండి.

వర్జీనియా ఆకు రెలుపులు కొత్త సంవత్సరంతో ఊపందుకుంటాయి, కూలి రేట్ల మాట అంతకు ముందే మొదలవుతుంది. కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి ప్రాంతాల కార్యకర్తలు ఈసారి రేటుతో పాటు మరికొన్ని మాటలు పట్టుబట్టి రాయించాలి. 18 ఏళ్ల లోపువారిని పచ్చాకు పనికి పిలవకూడదు. పెద్దలకు చేతి తొడుగులు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు రైతు కాదు, ఆకు కొనే కంపెనీ ఇవ్వాలి. పిల్ల చేయి తోడు లేకపోయినా ఇల్లు గడిచేలా తల్లి కూలి పెరగాలి. రైతు తన దగ్గర డబ్బు లేదంటాడు, అది చాలావరకు నిజమే. అప్పుడు అతన్ని కూడా వెంటబెట్టుకుని వేలం కేంద్రం ముందుకు వెళ్లాలి. కొనుగోలుదార్లు అందరూ అక్కడే కూర్చుని ఉంటారు.